డబ్బాలకు చుక్క నీళ్లు పోలేదు, బోర్డు మాత్రం పచ్చబడ్డది: ఎందుకు, ఏం చెయ్యాలె?

తమ్ముడూ, మిగతావాళ్లకు కూడా సమజయ్యేటట్టు ముందు నీ ప్రశ్న క్లుప్తంగ చెప్త. నర్సంపేట దిక్కు బాయిల కాడి మోటర్లకు సెల్‌ఫోన్‌తోని నడిచే స్టార్టర్ బోర్డులు నువ్వే సోల్డరింగ్ చేసి బిగిస్తున్నవు. ఎండాకాలం అంతా మంచిగనే నడుస్తున్నయి, ముసురు పట్టిందంటే ఒకటెనుక ఒకటి వాపస్ వస్తున్నయి. డబ్బా మూత చుట్టూ, వైర్లు పోయే రంధ్రాల చుట్టూ సిలికాన్ నింపి గట్టిగ మూసినవు. విప్పి చూస్తే నీళ్లు లేవు గానీ ట్రాకుల (బోర్డు మీది సన్న రాగి దారుల) మీద పచ్చటి చిలుం. ఇగ ఏ కోటింగ్ కొట్టాలె, లేకపోతే బోర్డు మొత్తం ఎపాక్సీల ముంచాల్నా అని అడిగినవు.

కోటింగ్ సంగతి చెప్త గానీ అది ఆఖరి పని. నీ బోర్డులను ఖరాబు చేసింది మీద పడ్డ వాన కాదు. డబ్బా లోపల చిక్కిన తేమ, బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ (సోల్డర్ మంచిగ అతకనీకె వాడే మందు) మురికి కలిసి చేసిన పని అది. ఆ రెంటి సంగతి చూడకుండ పైన ఎంత ఖరీదైన కోటింగ్ కొట్టినా, మురికిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

మొదలు నిన్నొకటి అడుగుత. ఆ సిలికాన్ ట్యూబు నొక్కినప్పుడు పుల్లటి వాసన, వెనిగర్ వాసన, ముక్కుకు కొట్టిందా? హార్డ్‌వేర్ దుకాణాలల్ల అద్దాలకు, అక్వేరియంలకు అమ్మే సిలికాన్లు చానా వరకు ఆ రకమే. ఆరేటప్పుడు అవి ఎసిటిక్ యాసిడ్ వదుల్తయి. బాత్రూం గోడకు పెడితే ఆ యాసిడ్ గాలిల కలిసిపోతది, ఎవ్వరికీ నష్టం లేదు. నువ్వు పూసి వెంటనే మూత బిగించినవు కాబట్టి అది పోయే తొవ్వ లేక రాగి మీద కూసున్నది. ఆ వాసన వచ్చి ఉంటే, నీకు కనపడ్డ పచ్చదనంల దాని వాటా కచ్చితంగ ఉంటది. బోర్డు దగ్గర వాడాలంటే ట్యూబు మీద ‘న్యూట్రల్ క్యూర్’ అని రాసి ఉన్నదే తీసుకో. అండ్ల గూడ ఎలక్ట్రానిక్స్ కోసం చేసిన ఆల్కాక్సీ రకం దొరికితే మరీ మంచిది. ఏది పూసినా ఒకటి రెండు రోజులు మూత తీసి ఆరనియ్యి. సిలికాన్ ఆవిరి రిలే (బోర్డు చెప్పినట్టు కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్చి) కాంటాక్టుల కాడికి చేరితే, అక్కడి నిప్పురవ్వకు కాలి సిలికా పొరగ మారుతది. ఆ పొర కరెంటును పోనియ్యది. రిలే టక్కుమంటది గానీ మోటరుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చి, కాంటాక్టర్, ఎత్తుకోదు. అసొంటి రిలేలు నీ దగ్గర కూడా ఉండొచ్చు, ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూడు.

ఇగ అసలు సంగతి: మూసిన డబ్బా లోపలికి తేమ ఎట్ల వచ్చింది? డబ్బా ఊపిరి తీస్తది. మధ్యాహ్నం ఎండకు ఇనుప డబ్బా లోపల 50 డిగ్రీలు అయిందనుకో. నాలుగు గంటలకు వాన పడి 28కి చల్లబడ్డది. లోపలి గాలి దాదాపు 7 శాతం కుంచించుకపోతది. నిజంగనే గాలి సొరకుండ మూసి ఉంటే, లోపల బయటికంటే ఒత్తిడి తగ్గి, సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు మోపేంత బలంతోని బయటి గాలిని, నీటిని లోపలికి గుంజుతది. ఆ గుంజుడుకు నీ సిలికాన్ అతుకుల ఏ సన్న సందు దొరికినా చాలు. పది లీటర్ల డబ్బా అయితే ఒక్క వానకు ముప్పావు లీటరు దాకా చెమ్మ గాలి లోపలికి వస్తది. 30 డిగ్రీల కాడ నిండ తేమ పట్టిన గాలిల లీటరుకు 30 మిల్లీగ్రాముల నీళ్లు ఉంటయి. అంటే ఒక్కో వానకు 20 మిల్లీగ్రాములు. సూడనీకె తక్కువే. కానీ రోజూ వస్తది, మూలలకు చేరి మంచుగ, అంటే నీటి బొట్లుగ, మారినంక మళ్ల మొత్తం బయటికి పోదు. నెల రోజుల ముసురుల ఎంతయితదో లెక్క కట్టుకో.

మంచు పట్టనీకె చలికాలం రావాల్సిన పని కూడా లేదు. శ్రావణ మాసంల మన దగ్గర రాత్రి 25 డిగ్రీలు, గాలిల 90 శాతం తేమ ఉన్నదనుకో, ఇనుము 23 డిగ్రీలకు దిగితే చాలు, దాని మీద చెమ్మ పడతది. రెండు డిగ్రీల తేడా. రాత్రి ఆకాశానికి ఎదురుగ ఉన్న రేకు ఆ మాత్రం సల్లబడుడు పెద్ద విషయమా? డబ్బా మూత లోపలి దిక్కు నీళ్లు పట్టి, బొట్లు బొట్లుగ బోర్డు మీద పడతయి. తెల్లారి నువ్వు పోయేసరికి ఎండ పడి ఆరిపోయి ఉంటది, చుక్క నీళ్లు లేవంటవు.

ఇంకో దారి ఉన్నది, చానామంది దాన్ని పట్టించుకోరు. అదేందంటే వైరు. మల్టీ స్ట్రాండ్ వైరు లోపల సన్న తీగల నడుమ ఉండే సందులు నీళ్లను దీపంవత్తి నూనెను గుంజినట్టు గుంజుతయి. బయట ఎక్కడనో టేపు చుట్టిన జాయింటు తడిస్తే, ఇన్సులేషన్ లోపల్నుంచి నడుచుకుంట వచ్చి ఆ నీళ్లు నీ టెర్మినల్ కాడ బయటపడతయి. నువ్వు గ్లాండ్ (వైరు పోయే రంధ్రం కాడి బిగింపు) ఎంత గట్టిగ బిగించినా అది ఆగదు. టెర్మినల్ స్క్రూ ఒక్కటే పచ్చబడి, చుట్టుపక్కల శుభ్రంగ ఉంటే వైరు నుంచే వచ్చిందని గుర్తు. దానికి మందు రెండు పనులు. బయటి జాయింటుకు లోపల గమ్ ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యి. ఇంక డబ్బాకు పోయే ముందు వైరును కిందికి ఉయ్యాల తీరు వంచి మళ్ల పైకి తీసుకపో, మీదికెళ్లి జారే వాన నీళ్లు ఆ వంపు కాడనే కింద పడిపోతయి.

ఇప్పుడు మురికి సంగతి. శుద్ధమైన నీళ్లు కరెంటును దాదాపు పోనియ్యవు. నీళ్లల్ల కరిగిన ఉప్పు, ఫ్లక్స్, చెమట, దుమ్ము పోనిస్తయి. డీసీ వోల్టేజీ ఉన్న రెండు ట్రాకుల నడుమ అసొంటి చెమ్మ పొర పడితే, ప్లస్ దిక్కు లోహం కరిగి, మైనస్ దిక్కుకు పోయి, అక్కడినుంచి సన్న చెట్టు కొమ్మల లెక్క మళ్ల ప్లస్ దిక్కుకు పెరుగుతది. భూతద్దం పెట్టి చూస్తే వెండి పోగు తీరు మెరుస్తది. రెండు దిక్కులు కలిసిందంటే షార్ట్. ఒక్కోసారి కరెంటు పారంగనే ఆ పోగు కాలిపోతది, బోర్డు మళ్ల పనిచేస్తది, నువ్వు కారణం ఎతుక్కుంట తలగోక్కుంటవు. ఇది జరగాలంటే వోల్టేజీ ఆగకుండ ఉండాలె. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినంక మన బోర్డులల్ల డీసీ ఆరిపోయే సమయమే లేదు, మోటరు బంద్ ఉన్నా బోర్డు మాత్రం రాత్రంతా మేలుకొనే ఉంటది. అప్పట్ల ఆటో స్టార్టర్లు తీసెయ్యమని సర్కారు చెప్పింది గానీ, వాటి జాగల ఈ ఫోన్ బోర్డులు వచ్చినయి. వీటిల ఇంకా సన్న ట్రాకులు, ఇంకా తక్కువ వోల్టేజీ, ఇంకా సున్నితం.

రోగం కనిపెట్టుడు ఎట్లంటే, పొద్దున మొండికేసి, మధ్యాహ్నానికి తనంతట తనే బాగయ్యే బోర్డు పోలేదని అర్థం. చెమ్మతోని తప్పు చదువుతున్నది. ఫేజు సెన్స్ చేసే కాడ, అంటే మూడు లైన్లల్ల కరెంటు ఉన్నదా లేదా చూసే కాడ, లక్షల ఓమ్‌ల రెసిస్టర్లు పెడతవు కదా. ఆ పక్కన చెమ్మ పొర ఇంకో అయిదు లక్షల ఓమ్‌ల రెసిస్టర్ తీరు కలిసిందనుకో, బోర్డుకు మెదడు లెక్కటి మైక్రోకంట్రోలర్‌కు పోయే వోల్టేజీ మారిపోతది, ఫేజు పోయిందనుకొని మోటరు బంద్ చేస్తది. క్రిస్టల్ (మైక్రోకంట్రోలర్‌కు గడియారం లెక్క పనిచేసే పార్టు) కాళ్ల కాడ చెమ్మ పట్టినా బోర్డు లేవనే లేవదు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి, వేడి చాలా ఎక్కువ కాకుండ, ఒక్కో జాగ వెచ్చబెట్టుకుంట పో. ఏ జాగల వెచ్చబెడితే బోర్డు లేస్తదో రోగం అక్కడున్నట్టు. ఈ పని 12 వోల్టుల సప్లై మీద బల్ల మీదనే చెయ్యి, 415 వోల్టులు కలిపి చెయ్యకు.

రంగులు కూడా కొంత చెప్తయి. పచ్చది రాగి తిన్న గుర్తు. సోల్డర్ చుట్టూ తెల్ల పొడి ఉంటే సగం కడిగిన ఫ్లక్స్. హై వోల్టేజీ ట్రాకుల నడుమ నల్ల గీత ఉంటే మాత్రం జాగ్రత్త. అది కాలి బొగ్గయిన బోర్డు పలక ఫైబర్, బొగ్గు కరెంటును పోనిస్తది. దాన్ని కడిగితే పోదు, మీద కోటింగ్ కొడితే లోపల్నే మళ్ల కాలుతది. బ్లేడు తోని, చిన్న గ్రైండర్ తోని నల్లదనం మొత్తం పోయేదాక గీకాలె, వీలుంటే ఆ రెండు ట్రాకుల నడుమ ఆరుపార సందు కొయ్యాలె. అంత లోతుకు కాలితే ఆ బోర్డు మీద ఆశ వదులుకో, రైతు పాణం కంటే బోర్డు ఎక్కువ కాదు.

కడుగుడు గురించి జర ఎక్కువ చెప్త, ఎందుకంటే అందరు తప్పించుకునే పని ఇదే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలె, మొబైల్ రిపేరు సామాన్ల దుకాణాలల్ల ఐపీఏ అంటే ఇస్తరు. చేతులకు రాసే సానిటైజర్ వద్దు, అండ్ల నీళ్లు, గ్లిజరిన్ ఉంటయి, గ్లిజరిన్ బోర్డు మీదనే ఉండిపోయి తేమను పిలుస్తది. పెట్రోలు, థిన్నర్ వద్దు, ప్లాస్టిక్ కనెక్టర్లు మెత్తబడతయి, పైకెళ్లి నిప్పు భయం. మెత్తటి టూత్ బ్రష్‌ను ఐపీఏల ముంచి సోల్డర్ చేసిన దిక్కు రుద్దు. రుద్దితే ఫ్లక్స్ కరుగుతది, కరిగినంత మాత్రాన పోయినట్టు కాదు. అట్లనే ఆరనిస్తే ఆ మురికి పల్చగ బోర్డు అంతట పరుచుకుంటది, అంతకుముందు సోల్డర్ కాడ మాత్రమే ఉన్నది ఇప్పుడు క్రిస్టల్ కాళ్ల కాడికి కూడా చేరుతది. అందుకే బోర్డును ఏటవాలుగ పట్టుకొని, కొత్త ఐపీఏ మీదికెళ్లి పోసి, కింద గిన్నెలకు కారనియ్యి. ఆరినంక వేలు పెడితే జిగట తగలొద్దు, లైటుకు అడ్డం పెడితే తెల్ల మబ్బు కనపడొద్దు.

‘నో క్లీన్’ అని రాసి ఉన్న ఫ్లక్స్ వాడుతున్నవా? దాంట్ల మెలిక ఉన్నది. అది ఆరినంక తన మురికిని తనే గట్టి పొరల బంధించి పెడతది, ముట్టుకోకుంటే నయమే. సగం కడిగితే ఆ పొర పగిలి లోపలి యాసిడ్ బయటపడతది, కడగని దానికంటే అన్యాలం. అందుకని పూర్తిగ కడుగు, లేకుంటే అసలే కడగకు. కోటింగ్ కొట్టేది ఉంటే మాత్రం పూర్తిగ కడుగుడే నా మాట. బజార్ల దొరికే డబ్బా పేస్టు, రేకు పనికి వాడే ఆ జింక్ క్లోరైడ్ పేస్టు, బోర్డు దగ్గరికే తేకు. ముసురుల అది ఒక్కటే చాలు బోర్డును తిననీకె.

కడిగినంక ఎండబెట్టాలె. ఐపీఏ ఆరంగనే బోర్డు ఎండినట్టు కాదు, ఫైబర్ లోపలికి, రిలే కిందికి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలకు తేమ పట్టి ఉంటది. 60 నుంచి 70 డిగ్రీల వేడిల రెండు మూడు గంటలు పెట్టు. ఓవెన్ లేకుంటే అట్టపెట్టెల 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వేలాడదీసి, అట్టకు తగలకుండ చూసుకొని, పక్కన థర్మామీటర్ పెట్టుకో. బ్యాటరీ ఉంటే ముందే తీసెయ్యి.

దీనికి అదను కూడా ఉన్నది. కోటింగ్ పని ఏదున్నా రోహిణి కార్తెలనే ముగించుకో, మృగశిర చినుకు పడేదాక ఆగకు. ముసురు పట్టినప్పుడు స్ప్రే కొడితే, అండ్ల సాల్వెంట్ ఎగిరిపోయేటప్పుడు బోర్డు సల్లబడి, గాలిల చెమ్మ దాని మీద పడి, కోటింగ్ పాల తీరు తెల్లబడతది. అది బోర్డుకు సరిగ్గ అతుక్కోదు. రోళ్లు పగిలే ఆ ఎండే మన పనికి ఉచితంగ దొరికే ఓవెన్.

ఇప్పుడు నువ్వు అడిగిన కోటింగ్. యాక్రిలిక్, సిలికాన్, పాలీయురేథేన్, ఎపాక్సీ, పారిలీన్ అని అయిదు రకాలు ఉన్నయి. పారిలీన్‌కు వాక్యూమ్ మిషన్ కావాలె, మనకు పనికిరాదు. ఎపాక్సీ గట్టిగ బిగిసి చిన్న పార్టులను గుంజుతది, మళ్ల విప్పరాదు. నువ్వు రిపేరు చేసే మనిషివి కాబట్టి యాక్రిలిక్ తీసుకో, సాల్వెంట్ పెడితే ఊడివస్తది, నేరుగ మీదికెళ్లి సోల్డర్ కూడా పెట్టొచ్చు, పొగ మాత్రం పీల్చకు. ఎరువుల బస్తాల పక్కన, కోళ్ల ఫారాలల్ల పెట్టే బోర్డులకు పాలీయురేథేన్ మేలు, రసాయనాలకు ఓర్చుకుంటది, ఊడదీసుడు మాత్రం కష్టం. మందం 30 నుంచి 130 మైక్రాన్ల నడుమ ఉంటే సరిపోతది. మందంగ ఒక్క పూత కంటే పల్చగ రెండు పూతలు, రెండోసారి బోర్డును అడ్డం తిప్పి కొట్టు, పార్టుల నీడ పడ్డ దిక్కు కూడా తడుస్తది. ఐసీ (చిప్) కాళ్ల మొనల కాడ కోటింగ్ జారిపోయి పల్చబడతది, తుప్పు మొదలయ్యేది కూడా అక్కడనే. చానా కోటింగుల్ల అల్ట్రావయొలెట్ వెలుగుకు నీలంగ మెరిసే మందు కలిపి ఉంటది. నకిలీ నోట్లు చూసే చిన్న టార్చి ఒకటి కొనుక్కొని చీకట్ల చూడు, వదిలేసిన జాగలు నల్లగ కనపడతయి.

స్ప్రే కొట్టే ముందు సిమ్ సాకెట్, యాంటెన్నా కనెక్టర్, టెర్మినల్ బ్లాకులు, ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తోని తిప్పే చిన్న రెసిస్టర్), బటన్లు, బజర్ రంధ్రం కప్టాన్ టేపుతోని (వేడికి ఓర్చుకునే టేపు) మూసెయ్యి. సిమ్ సాకెట్‌ను ప్రత్యేకంగ చూసుకో, ఒక్క చుక్క కిందినుంచి పాకినా సిమ్ దొరకదంటది, ఆ సాకెట్ మార్చేదాక దిక్కు లేదు. రిలేలు మూసి ఉన్న రకమే వాడు.

కోటింగ్ కొడితే వాటర్‌ప్రూఫ్ అయిందని మాత్రం రైతుకు చెప్పకు. ఏ కోటింగ్ అయినా నీటి ఆవిరిని కొంత లోపలికి పోనిస్తది. అది పనిచేసేది బోర్డును అంటుకొని ఉన్నంతవరకే. అంటుకొని ఉన్న కాడ నీళ్లు పొరగ పరుచుకోనీకె జాగ ఉండదు, ట్రాకు నుంచి ట్రాకుకు దారి దొరకదు. కింద ఫ్లక్స్ ఉంటే ఆవిరి దాంట్ల చేరి బుడ్డలు లేపుతది. నెయిల్ పాలిష్, హాట్ గ్లూ, ఫెవిక్విక్ గురించి కూడా చానామంది అడుగుతరు. నెయిల్ పాలిష్ ఏడాదిల పెళుసెక్కి పగుల్తది. హాట్ గ్లూ మన ఎండకు మెత్తబడి అంచుల కాడ లేస్తది, ఆ సందుల నీళ్లు చేరితే ఆరనే ఆరవు. వైరు కదలకుండ పట్టుకోనీకె అయితే హాట్ గ్లూ ఓకే.

ఎపాక్సీల ముంచుడు, పాటింగ్ అంటరు కదా, ఫ్యాక్టరీలోళ్లకు అది కలిసొస్తది, పోతే పారేసి కొత్తది ఇస్తరు. నీకు కలిసిరాదు. ఆరేటప్పుడు వేడెక్కుతది, కుంచించుకపోయి కాయిల్స్ నడుమ ఉండే పెళుసు ఫెర్రైట్ కోర్లను పగలగొడుతది, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ నెత్తి మీది గీతను మూసేస్తది. ఆ గీత ఒత్తిడి ఎక్కువైతే పగిలి బయటికి వదలనీకె పెట్టింది. నీటి మట్టం చూసే సెన్సర్ జాయింట్లకు, బోరు కేబుల్ జాయింట్లకు పాటింగ్ మంచిది, అక్కడ కూడా మెత్తటి పాలీయురేథేన్ మేలు. బోర్డు మొత్తానికి వద్దు, బ్యాటరీకి ఎట్టి పరిస్థితిల వద్దు.

డబ్బా మాటకు వస్తే, నా ఉద్దేశం గట్టిగనే చెప్త: బాయికాడ గాలి సొరకుండ డబ్బా మూసుడు మానుకో. దుకాణపాయన ఐపీ 65, ఐపీ 67 అని చూపిస్తడు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. 65 అంటే పైపుతోని కొట్టినా లోపలికి పోదు, 67 అంటే మీటరు లోతు నీళ్లల్ల అరగంట ఆగుతది. లోపల ఆవిరి మంచుగ మారుడు గురించి ఆ పరీక్షలల్ల ఏమీ లేదు. అందుకే పైన, పక్కలకు ఒక్క రంధ్రం కూడా లేకుండ, కింది దిక్కు మాత్రమే వైర్లకు గ్లాండ్లు పెట్టి, ఆ కిందనే అయిదారు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వదులు. లోపల పడ్డ చెమ్మ కారిపోవాలె, డబ్బా ఊపిరి ఆ రంధ్రం నుంచే తియ్యాలె. చీమలు, బల్లులు రాకుండ సన్న స్టీలు జాలి అతికించు. మన దగ్గర కాంటాక్టర్ల నడుమ బల్లి పడి కాలుడు నీకు తెల్వనిది కాదు. పైసలు పెట్టగలిగితే గాలిని పోనిచ్చి నీటిని ఆపే మెంబ్రేన్ వెంట్లు దొరుకుతయి, అది పెడితే రంధ్రం అక్కర్లేదు, కానీ లోపల మంచు పడితే కారే దారి కూడా ఉండదు. నేనైతే రంధ్రం వైపే.

బోర్డును డబ్బా అడుగున పండబెట్టకు. నిలువుగ, కనెక్టర్లు కిందికి చూసేటట్టు, వెనుక గోడకు ఒక సెంటీమీటరు దూరం వదిలి బిగించు. ఇనుప డబ్బా అయితే ఎర్తింగ్ తప్పదు, యాంటెన్నా బయటికి తియ్యక తప్పదు, లేకుంటే సిగ్నల్ అందదు. మూత మీద చిన్న రేకు గొడుగు తీరు పెట్టి మధ్యల గాలి ఆడనిస్తే పగలు ఎండ తగ్గుతది, రాత్రి మంచు కూడా తగ్గుతది. సిలికా జెల్ పొట్లాలు రంధ్రం ఉన్న డబ్బాల దండగ, కొన్ని రోజులల్ల నిండిపోయి ఊకుంటయి.

వీటన్నిటికంటే నాకు నమ్మకమున్న ఉపాయం చిన్న వేడి. పెద్ద ప్యానెళ్లల్ల హీటర్లు పెడతరు కదా, అదే సూత్రం. నీ బోర్డు 12 వోల్టుల సప్లైకి 47 ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి కలుపు. మూడు వాట్ల వేడి వస్తది, పావు ఆంపియర్ తింటది. నీ ట్రాన్స్‌ఫార్మర్ ఆ పావు ఆంపియర్ ఇయ్యగలదా ముందు చూసుకో. దాన్ని బోర్డుకు కింద, ప్లాస్టిక్‌కు, వైర్లకు తగలకుండ నిలబెట్టు, వేడి గాలి బోర్డు మీదికెళ్లి పైకి పోవాలె. చిన్న డబ్బాల బోర్డు బయటి గాలికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటది, ఇందాక చెప్పిన రెండు డిగ్రీల తేడా ఇగ దాని మీద పనిచెయ్యది. రాత్రంతా కరెంటు ఉంటున్నది కాబట్టే ఇది పనికొస్తది.

రైతులకు ఒక మాట తప్పకుండ చెప్పు: మోటరు షెడ్డుల యూరియా, పొటాష్ బస్తాలు పెట్టొద్దని. ఆ ధూళి డబ్బాలకు పోయి చెమ్మను గుంజి ఉప్పునీళ్ల పొర చేస్తది. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తింటది, ఇత్తడి టెర్మినళ్లు ఊకె పగిలిపోవుడుకు అది ఒక కారణం. జిన్నింగ్ మిల్లులల్ల పత్తి నూగు కూడా అంతే, బోర్డు మీద దుప్పటి తీరు పరుచుకొని తేమను పట్టి ఉంచుతది, అక్కడ నెలకోసారి బ్లోయర్ కొట్టక తప్పదు. ఎనుమాముల దిక్కు మిర్చి కోల్డ్ స్టోరేజీలల్ల పనిచేసే పిలగాండ్లకు ఇంకో జాగ్రత్త: సల్లటి గదిలకెళ్లి బోర్డు తీసేటప్పుడే పాలిథిన్ కవర్ల మూతి కట్టి బయటికి తే, వేడి గాలికి అలవాటు పడినంకనే కవరు విప్పు. లేకుంటే ఫ్రిజ్ల సీసాకు పట్టినట్టు నీళ్లు పడతయి.

వరదల మునిగిన బోర్డు సంగతి వేరు. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. అట్ల బురద నీళ్లల్ల మునిగిన బోర్డులు వస్తే, కరెంటు పెట్టి చూద్దామన్న ఆత్రం వద్దు. బ్యాటరీ తీసెయ్యి. 230 వోల్టులు నేరుగ తీసుకొని డీసీ చేసే పవర్ సప్లై, ఎస్‌ఎంపీఎస్, ఉంటే పెద్ద కెపాసిటర్ల 325 వోల్టుల దాకా మిగిలి ఉంటది, రెసిస్టర్‌తోని ఖాళీ చేసినంకనే చెయ్యి పెట్టు. బురద ఎండకముందే మంచి నీళ్లతోని, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తోని, ఆఖరుకు ఐపీఏతోని కడుగు. ఎండిన బురద ఐసీ కింద గట్టిపడితే తీసుడు కష్టం. బియ్యం డబ్బాల పెట్టుడు మానుకో, బియ్యం లోపలి మురికిని గుంజలేవు. నీళ్లు సొచ్చిన రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు మార్చేసుడే మంచిది.

ఇంత చేసినంక రైతు కాడికి పోకముందు ఇంట్లనే పరీక్ష పెట్టు. మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బుల ఒక దిక్కు గిన్నె నిండ వేడి నీళ్లు, ఇంకో దిక్కు పీట మీద బోర్డు పెట్టు. 12 వోల్టులే కలుపు, ఫేజు సెన్స్ చేసే కాడి వోల్టేజీకి మల్టీమీటర్ తీగలు బయటికి తీసి పెట్టుకో. మూత పెట్టి రెండు గంటలు చూడు. రీడింగు కదలకుంటే నీ కడుగుడు, కోటింగ్ రెండూ సరిగ్గ కుదిరినయి. మెల్లగ జారుతుంటే బోర్డు బయటికి తీసి, చీకట్ల ఆ టార్చి వేసి, సెన్స్ రెసిస్టర్ల కాళ్ల చుట్టూ నల్ల మచ్చలు ఎతుకు. అక్కడ దొరకకపోతే కోటింగ్ ఊడదీసి మళ్ల కడుగుడు కాడికెళ్లి మొదలుపెట్టు, మీద ఇంకో పూత కొట్టకు.